వర్డ్‌లో ఎర్ర గీతలు, నీలం గీతలు: ఏది దేనికి, ఎందుకొస్తుంది, ఎప్పుడు నమ్మాలి

అడిగింది ఇదీ: తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పెద్ద ఫైలు. ఒక కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ నిండా ఎర్ర వంకర గీతలు, అక్కడక్కడ నీలం జంట గీతలు. అదే ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క గీత కూడా లేదు. దేన్ని నమ్మాలి? గీతలన్నీ తప్పులేనా? అచ్చులో కూడా పడతాయా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు. అక్షరదోషాల గీతలు తెర మీదే కనిపిస్తాయి. ప్రింటులోకి గానీ పీడీఎఫ్‌లోకి గానీ వెళ్ళవు. కాబట్టి గీత ఏ జాతిదో అనుమానం వస్తే ప్రింట్ ప్రివ్యూ తెరిచి చూడండి. అక్కడ కూడా కనిపిస్తోందంటే అది స్పెల్ చెక్ గీత కాదు, ఇంకేదో. ఆ ఇంకేదో సంగతి కింద చెబుతాను, ఎందుకంటే దాంతోనే చాలామంది తికమక పడతారు.

ఇక దేన్ని నమ్మాలి అంటే, ఇప్పటికి రెండింటినీ నమ్మొద్దు. ఎర్ర గీతకు అర్థం "ఇది తప్పు" అని కాదు. "ఈ మాటకు ఏ భాష గుర్తు తగిలించి ఉందో, ఆ భాష డిక్షనరీలో ఇది దొరకలేదు" అని మాత్రమే. ఇందులో మూడు విషయాలున్నాయి: మాట, దానికి తగిలించిన భాష, ఆ భాష డిక్షనరీ. మొదటి రెండూ ఫైలుతో పాటు ప్రయాణిస్తాయి. మూడోది కంప్యూటర్‌లో ఉంటుంది. మీరు సొంతంగా డిక్షనరీలో చేర్చుకున్న మాటలు, "టైపు చేస్తుండగానే తనిఖీ చెయ్యి" అన్న సెట్టింగు కూడా కంప్యూటర్ వైపువే. అందుకే ఒకే ఫైలు రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. గీతలు లేని కంప్యూటర్‌లో తెలుగు డిక్షనరీయే లేకపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు వర్డ్ ఆ భాష మాటల్ని అసలు తనిఖీ చెయ్యదు, అలా వదిలేసినట్టు మాట మాట దగ్గరా చెప్పదు కూడా. పైన ఒక పట్టీలో "మిస్సింగ్ ప్రూఫింగ్ టూల్స్" (తనిఖీ సాధనాలు లేవు) అని ఒకసారి చూపిస్తుంది. అది మూసేశాక మిగిలేది శుభ్రంగా కనిపించే పేజీ. పేజీ నిండా ఎరుపు కన్నా ఈ నిశ్శబ్దమే ఎక్కువ ప్రమాదం.

ముందు రంగుల సంగతి. ఇప్పటి వర్డ్‌లో ఎర్ర వంకర గీత అక్షరదోషానికి, నీలం జంట గీత వ్యాకరణానికి, ఊదారంగు చుక్కల గీత శైలికి (వాక్యం పొడుగైంది, ఈ మాట అనవసరం, ఇలాంటి సలహాలకు). పాత పుస్తకాల్లో "వ్యాకరణానికి ఆకుపచ్చ గీత" అని చదివి ఉంటే అదీ తప్పు కాదు. టైపు చేస్తుండగానే ఎర్ర గీత పడటం వర్డ్ 95తో మొదలైంది, ఆకుపచ్చ వ్యాకరణ గీత వర్డ్ 97తో వచ్చింది, 2010 దాకా అదే రంగు నడిచింది. 2007, 2010 వెర్షన్లలో నీలం వంకర గీతకు ఇంకో అర్థం: మాట డిక్షనరీలో ఉంది గానీ ఈ వాక్యంలో పొసగడం లేదు అని. వర్డ్ లాంటిదే అయిన లిబ్రెఆఫీస్ రైటర్‌లో అక్షరదోషానికి ఎర్ర వంకర, వ్యాకరణానికి నీలం వంకర. గూగుల్ డాక్స్‌లో కూడా ఎరుపు, నీలం ఇదే పద్ధతి.

ఇప్పుడు, గీతల్లా కనిపించి తనిఖీ గీతలు కానివి. ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉంటే కొత్తగా చేర్చిన మాటల కింద రంగు గీత తిన్నగా పడుతుంది, పేజీ అంచున నిలువు గీత కూడా ఉంటుంది. అది ఎవరో చేసిన మార్పు, తప్పు కాదు. సెట్టింగుల్ని బట్టి అచ్చులో కూడా పడుతుంది, కాబట్టి రివ్యూ మెనూలో యాక్సెప్ట్ గానీ రిజెక్ట్ గానీ చేసి తీరాలి. లింకుల కింద నీలం గీత ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. ఫాంట్ పెట్టెలో అండర్‌లైన్ రకాల్లో వంకర గీత కూడా ఒకటుంది. ఎవరైనా దాన్ని ఎర్ర రంగులో పెడితే అచ్చం స్పెల్ చెక్ గీతలాగే కనిపిస్తుంది. ఆ మాటను ఎంచుకుని కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే పోతుంది, కాకపోతే దానికి చేత్తో పెట్టిన బోల్డు లాంటివి కూడా పోతాయి. ఇక వర్డ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో "మార్క్ ఫార్మాటింగ్ ఇన్‌కన్సిస్టెన్సీస్" అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే ఫార్మాటింగ్ తేడాలకు నీలం వంకర గీత వేస్తుంది. జనం దాన్ని వ్యాకరణ దోషం అనుకుని వాక్యం తిరగరాస్తూ కూర్చుంటారు. మాటల మధ్య చుక్కలు, పేరా చివర తిరగేసిన పి లాంటి గుర్తు కనిపిస్తే అవి స్పేసులకూ ఎంటర్లకూ గుర్తులు. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కితే మాయమవుతాయి.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష కుడి క్లిక్. మెనూలో సరైన మాటల జాబితా, "ఇగ్నోర్ ఆల్", "యాడ్ టు డిక్షనరీ" వస్తే అది అక్షరదోష గీత. "యాక్సెప్ట్", "రిజెక్ట్" వస్తే ట్రాక్ ఛేంజెస్.

ఇక అసలు పని. గీత కనిపించగానే స్పెల్లింగు సరిచేయడం మొదలుపెట్టకండి, ముందు భాష చూడండి. కర్సర్ ఆ మాటలో పెట్టి, కింద స్టేటస్ బార్‌లో ఏ భాష పేరు ఉందో చదవండి. వర్డ్‌లోనూ రైటర్‌లోనూ అక్కడే కనిపిస్తుంది. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. భాష గుర్తు అనేది బోల్డు, ఇటాలిక్ లాగా మాటకు అంటుకునే ఫార్మాటింగే. టైపు చేసేటప్పుడు ఏ కీబోర్డు ఆన్‌లో ఉందో దాని భాష అంటుకుంటుంది. ఇంకో ఫైలు నుంచి కాపీ చేస్తే అక్కడి భాష వెంట వస్తుంది. అమెరికా ఇంగ్లీషు గుర్తు ఉన్న పేరాలో కలర్ అనే మాటను యూ అక్షరంతో రాస్తే ఎర్ర గీత. అదే బ్రిటన్ ఇంగ్లీషు గుర్తు పెడితే గీత ఉండదు. మాట మారలేదు, కొలిచే బద్ద మారింది.

వర్డ్‌లో భాష మార్చాలంటే మాటల్ని ఎంచుకుని, రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్. ఆ పెట్టెలోనే "డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్" అని ఒక టిక్కు ఉంటుంది. గీతలు అసలే రాని పేరాలకు ఎక్కువగా కారణం అదే, ఎవరో ఎప్పుడో పెట్టింది కాపీతో పాటు వచ్చి ఉంటుంది. టిక్కు తీసెయ్యండి. ఫైలు మొత్తానికి చేయాలని కంట్రోల్, ఏ నొక్కితే ఒక చిక్కు ఉంది: హెడర్లు, ఫుట్‌నోట్లు, టెక్స్ట్ బాక్సులు ఆ ఎంపికలోకి రావు. వాటిలోకి విడివిడిగా వెళ్ళి మార్చాలి. పేరాకు వాడిన స్టైల్‌లోనే తప్పు భాష కూర్చుని ఉంటే మీరు మార్చినా కొత్త పేరాలకు మళ్ళీ అదే వస్తుంది. స్టైల్ మీద కుడి క్లిక్, మాడిఫై, ఫార్మాట్, లాంగ్వేజ్ దగ్గర సరిచేస్తేనే స్థిరపడుతుంది. ఏ భాష గుర్తు ఎక్కడెక్కడ ఉందో వెతకాలంటే కంట్రోల్, హెచ్ నొక్కి, మోర్, ఫార్మాట్, లాంగ్వేజ్ ఎంచుకుంటే ఆ భాషతో ఉన్న ముక్కల్ని చూపిస్తుంది.

తెలుగు డిక్షనరీ ఉందో లేదో చూడటానికి వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్. భాషల జాబితాలో తెలుగు లేకపోతే చేర్చి ప్రూఫింగ్ టూల్స్ దించుకోవాలి. లిబ్రెఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగం తెరిస్తే మూడు వరసలుంటాయి. తెలుగు పెట్టాల్సింది పాశ్చాత్య భాషల వరసలో కాదు, "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" వరసలో. జాబితాలో భాష పేరు పక్కన ఏబీసీ అని టిక్కుతో చిన్న బొమ్మ ఉంటే డిక్షనరీ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఇవన్నీ అక్షరదోషాల తనిఖీకే. తెలుగు వాక్యానికి వ్యాకరణ తనిఖీ ఈ రెండింటిలోనూ లేదు. తెలుగు పేరా కింద నీలం గీత లేదంటే వ్యాకరణం బాగుందని కాదు, ఎవరూ చూడలేదని.

భాష సరిచేశాక కూడా తెలుగులో ఎరుపు చాలా మిగులుతుంది. దానికి కారణాలు వేరు వేరు, వాటికి మందులూ వేరు.

మొదటిది పాత ఫాంట్లు. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ దాని సొంత కోడ్ ఇచ్చే పద్ధతి) రాకముందు ఉన్న తెలుగు ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే అయినా ఫైలులో దాచింది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూను. స్పెల్ చెక్ చదివేది దాచినదాన్ని, కాబట్టి దానికి అంతా అర్థంలేని ఇంగ్లీషు. పేజీ మొత్తం ఎర్రబడుతుంది. పరీక్ష ఏమిటంటే, ఒక వాక్యాన్ని ఎంచుకుని ఫాంట్‌ను ఏదైనా మామూలు ఇంగ్లీషు ఫాంటుకు మార్చండి. తెలుగు అలాగే ఉంటే యూనికోడ్, గజిబిజి ఇంగ్లీషుగా మారితే పాత ఫాంటు. అలాంటి ఫైలును కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఆ భాగానికి "తనిఖీ చెయ్యొద్దు" టిక్కు పెట్టాలి. మూడో దారి లేదు.

రెండోది కంటికి కనిపించని తప్పులు. మాట చూస్తే బాగానే ఉంటుంది, కింద ఎరుపు. ఇక్కడ మాత్రం గీతను గౌరవించండి, చాలాసార్లు అదే నిజం చెబుతుంది. సున్నకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరమో, అంకె సున్నో పడి ఉంటుంది. దుఃఖం అనే మాటలో విసర్గకు బదులు కోలన్ పెడతారు, కంటికి తేడా తెలియదు గానీ స్పెల్ చెక్‌కు అది మధ్యలో విరిగిన రెండు ముక్కలు. వర్డ్‌లో దీన్ని పట్టుకోవడానికి మంచి సాధనం ఆల్ట్, ఎక్స్. అనుమానం ఉన్న అక్షరం వెనకే కర్సర్ పెట్టి ఆ రెండూ నొక్కితే అక్షరం స్థానంలో దాని కోడ్ వస్తుంది. తెలుగు అక్షరమైతే కోడ్ 0సి తో మొదలవుతుంది: సున్నకు 0సి02, విసర్గకు 0సి03. 006ఎఫ్ వస్తే ఇంగ్లీషు ఓ, 0030 వస్తే అంకె సున్న, 003ఏ వస్తే కోలన్. మళ్ళీ అవే నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది.

కనిపించనివాటిలో ఇంకొకటి, 200సి కోడ్ ఉన్న విడదీసే గుర్తు. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు వ అక్షరం ట కింద వత్తుగా దిగకుండా ఆపేది అదే, కాబట్టి అక్కడ కావాలి. కానీ వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు, కొన్ని ఫోనెటిక్ కీబోర్డులు వాడినప్పుడు అది అవసరం లేని చోట కూడా వచ్చి కూర్చుంటుంది. మాట రూపం మారదు, డిక్షనరీలోని మాటతో మాత్రం కలవదు. ఫైండ్ పెట్టెలో టోపీ గుర్తు, దాని వెంటనే ఇంగ్లీషు చిన్న యు, ఆ వెంటనే 8204 కొడితే ఎక్కడెక్కడ ఉందో దొరుకుతుంది. రీప్లేస్ ఆల్ మాత్రం నొక్కకండి, అవసరమైనవి కూడా పోయి సాఫ్ట్‌వేర్ లాంటి మాటలన్నీ వత్తులు పడి పాడవుతాయి. ఒక్కొక్కటే చూసి తీసేయాలి.

మూడోది మన భాష స్వభావం. డిక్షనరీలో "వెళ్ళు" ఉంటుంది. మనం రాసేది "వెళ్ళాలనుకుంటున్నామని". విభక్తులు, సంధులు, క్రియారూపాలు కలిసి ఒక్క ధాతువు నుంచి ఎన్నో రూపాలు వస్తాయి, వాటన్నిటినీ ఏ జాబితా పట్టుకోలేదు. లిబ్రెఆఫీస్ వాడే హన్‌స్పెల్ అనే స్పెల్ చెక్ ప్రోగ్రాం మొదట హంగేరియన్ కోసం పుట్టింది, అదీ ప్రత్యయాలు వరసగా అతికించుకునే భాషే. అందుకే అందులో మాటల జాబితా ఒక ఫైలు, ప్రత్యయాల సూత్రాలు ఇంకో ఫైలు. సూత్రాల ఫైలు ఎంత సమగ్రంగా ఉంటే అంత తక్కువ ఎరుపు. మాటలు అతుక్కునే చోట మారిపోయే సంధులను ఆ పద్ధతి కూడా పూర్తిగా పట్టలేదు. కాబట్టి పొడుగైన సంధి మాట కింద ఎర్ర గీత ఉంటే అది బలహీనమైన సాక్ష్యం. మూడు నాలుగు అక్షరాల చిన్న మాట కింద ఉంటే బలమైన సాక్ష్యం. సమయం తక్కువ ఉన్నప్పుడు చిన్న మాటల గీతలే ముందు చూడండి. వెళ్లు, వెళ్ళు లాంటి చోట రెండూ వాడుకలో ఉన్నవే. ఫైలంతా ఒకటే వాడటం ముఖ్యం, గీత ఏది అడిగిందన్నది కాదు.

సూచనల జాబితా తెలుగులో ఎందుకంత తేడాగా వస్తుందో కూడా ఇక్కడే చెప్పాలి. టైపు తప్పుల్లో దాదాపు 80 శాతం ఒకే అక్షరానికి సంబంధించినవని, అంటే ఒకటి ఎక్కువ పడటం, ఒకటి తప్పిపోవడం, ఒకటి మారడం, పక్కపక్క రెండు తారుమారవడం అని డామెరౌ అనే పరిశోధకుడు 1964లో ఇంగ్లీషు మాటల మీద చూపించారు. సూచనలు వెతికే పద్ధతులకు పునాది అదే. తెలుగులో ఒక వత్తు అంటే కంప్యూటర్‌కు రెండు కోడ్‌లు, పొల్లు ఒకటి, హల్లు ఒకటి. పక్కన అనబోయి పకన అని కొడితే మనకు ఒక్క వత్తు పోయింది, దానికి రెండు అక్షరాలు పోయాయి. అందుకని సరైన మాట కిందికి జారి, సంబంధంలేని చిన్న మాటలు పైకి వస్తాయి. మొదటి సూచనను చూడకుండా నొక్కే అలవాటు ఇంగ్లీషులో కొంతవరకు చెల్లుతుందేమో, తెలుగులో చెల్లదు.

పేర్లు, సాంకేతిక పదాలు ఎలాగూ ఎర్రబడతాయి. కుడి క్లిక్‌లో మూడు దారులున్నాయి, మూడూ ఒకటి కావు. "ఇగ్నోర్ ఆల్" ఆ ఫైలు వరకే, ఫైల్, ఆప్షన్స్‌లోని ప్రూఫింగ్ పేజీలో "రీచెక్ డాక్యుమెంట్" నొక్కితే అవన్నీ మళ్ళీ గీతలతో లేస్తాయి. "యాడ్ టు డిక్షనరీ" మీ కంప్యూటర్‌లో అన్ని ఫైళ్ళకూ వర్తిస్తుంది. మూడోది, ఆ మాటకు "తనిఖీ చెయ్యొద్దు" గుర్తు పెట్టడం, ఇది మాటతో పాటు ఫైలులోనే ఉండిపోతుంది. ఫైలు ఇంకొకరికి పంపాలి, వాళ్ళకూ గీత కనిపించకూడదు అంటే పనికొచ్చేది ఈ మూడోదే. వర్డ్ సొంత డిక్షనరీకి ప్రత్యయాలు తెలియవు. సుజాత అని చేర్చినా సుజాతకి, సుజాతతో మళ్ళీ ఎర్రబడతాయి, తరచుగా వచ్చే రూపాలు విడిగా చేర్చుకోవాలి. తప్పు మాట పొరపాటున చేరిపోతే ఆ తప్పు ఇక ఏ ఫైలులోనూ కనిపించదు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, కస్టమ్ డిక్షనరీస్, ఎడిట్ వర్డ్ లిస్ట్‌కు వెళ్ళి అప్పుడప్పుడు ఆ జాబితా చదివి, తప్పులు తీసేయండి.

దీనికి తిరగేసిన అవసరం ఒకటుంది, చాలామంది వాడరు: డిక్షనరీలో ఉన్న మాటకే గీత పడేలా చేయడం. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. రెండూ సరైన మాటలే కాబట్టి "అర్ధం కాలేదు" అని రాసినా ఎరుపు రాదు. ప్రదానం, ప్రధానం కూడా అంతే. కల, కళ కూడా అంతే. లిబ్రెఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, భాషల విభాగంలోని రైటింగ్ ఎయిడ్స్ పేజీలో కొత్త డిక్షనరీ సృష్టించేటప్పుడు "ఎక్సెప్షన్" టిక్కు పెట్టి, అందులో అర్ధం అని చేర్చి, "రీప్లేస్ బై" గడిలో అర్థం అని రాయండి. ఇక నుంచి ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఆగి చూసే అవకాశం వస్తుంది. ఇక్కడా విభక్తి చేరిన రూపాలను విడిగా చేర్చాలి. వర్డ్‌లో ఇదే పనికి యాప్‌డేటాలోని మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లో యూప్రూఫ్ అనే ఫోల్డర్‌లో భాషకో ఎక్స్‌క్లూడ్ డిక్షనరీ ఫైలు ఉంటుంది, అమెరికా ఇంగ్లీషు దాని పేరులో 0409 అని కనిపిస్తుంది. వర్డ్ మూసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, వరసకో మాట రాసి సేవ్ చేస్తే చాలు. ఫ్రమ్ రాయబోయి ఫార్మ్ అని తరచు కొట్టేవాళ్ళకు ఇంగ్లీషులో ఇది బాగా పనికొస్తుంది.

నీలం గీతల విషయం తక్కువలోనే తేలిపోతుంది, అవి ఇంగ్లీషు భాగాలకే. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిస్తేనే తనిఖీ సరిగ్గా నడుస్తుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పేరాలో ప్రతి వరస చివరా ఎంటర్ ఉండిపోతుంది, దాంతో ప్రతి వరసా ఒక విరిగిన వాక్యంలా కనిపించి నీలం గీతలు వరసకట్టి వస్తాయి. హైఫన్‌తో తెగిన మాటల రెండు ముక్కలకూ ఎరుపు పడుతుంది. పేరా గుర్తులు కనిపించేలా చేసి, మధ్యలో ఉన్న ఎంటర్లు తీసేసి కలిపితే సగం గీతలు వాటంతట అవే పోతాయి. శైలి సలహాల చుక్కలు అక్కర్లేకపోతే ప్రూఫింగ్ పేజీలో రైటింగ్ స్టైల్ దగ్గర "గ్రామర్ అండ్ రిఫైన్‌మెంట్స్" బదులు "గ్రామర్" ఒక్కటే ఉంచండి.

ఆ పేజీలోనే ఇంకో రెండు చూడండి. మొత్తం పెద్ద అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు మాటల్నీ, అంకెలు కలిసిన మాటల్నీ వర్డ్ మామూలుగా వదిలేస్తుంది. శీర్షికలన్నీ పెద్ద అక్షరాల్లో కొట్టి ఉంటే వాటిలోని తప్పులు ఎప్పటికీ ఎర్రబడవు. ఆ టిక్కు తీసి ఒకసారి శీర్షికలు చూసుకోండి. పేజీ అడుగున "హైడ్ స్పెల్లింగ్ ఎర్రర్స్ ఇన్ దిస్ డాక్యుమెంట్ ఓన్లీ" అని ఉంటుంది, అది ఫైలుతో పాటు వెళ్తుంది. స్క్రీన్‌షాట్ కోసం ఎవరైనా ఆన్ చేసి మరిచిపోతే తీసుకున్నవాళ్ళకు గీతలు కనిపించవు. తప్పులు మరీ ఎక్కువైతే వర్డ్ "ఇక చూపించలేను" అని ఒక సందేశం ఇచ్చి గీతలు ఆపేస్తుంది కూడా. అలా జరిగితే సాధారణంగా కారణం తప్పు భాష గుర్తో, పాత ఫాంటో.

మీ ఫైలుకు ఈ వరసలో వెళ్ళండి. గీతలు లేని కంప్యూటర్‌లో ముందు తెలుగు డిక్షనరీ, ఆ తర్వాత "టైపు చేస్తుండగానే తనిఖీ చెయ్యి" సెట్టింగు చూడండి. గీతలు నిండిన కంప్యూటర్‌లో తెలుగు పేరాలకు తెలుగు, ఇంగ్లీషు పేరాలకు మీరు పాటించే ఇంగ్లీషు గుర్తు పెట్టి, రీచెక్ డాక్యుమెంట్ నొక్కండి. పేర్లు చేర్చుకోండి. ఆ తర్వాత మిగిలిన ఎరుపును ఆల్ట్, ఎఫ్7తో ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి చూడండి, మౌస్‌తో వెతికినప్పటిలా ఏదీ తప్పిపోదు. రైటర్‌లో ఎఫ్7 పెట్టె తెరుస్తుంది, షిఫ్ట్, ఎఫ్7 గీతల్ని ఆన్ ఆఫ్ చేస్తుంది. వర్డ్‌లో షిఫ్ట్, ఎఫ్7 పర్యాయపదాల పట్టిక తెరుస్తుంది కాబట్టి రెండూ కలిపి వాడేవాళ్ళు తికమక పడొద్దు. గీతలన్నీ పోయాక అర్థం, అర్ధం లాంటి జంటలను ఫైండ్‌తో వెతికి ఒక్కసారి కళ్ళతో చదవండి, ఆ పని ఏ గీతా చేసిపెట్టదు.